విందుకు 'వస్తాం' అంటే సరిపోతుందా? దేవుని పిలుపు, సంఘాల లెక్కలు

క్లుప్తంగా: క్రైస్తవ విశ్వాసంలో దేవుని పిలుపును అంగీకరించడం అంటే ఏమిటో అన్ని సంఘాలూ ఒకేలా చెప్పవు. కొందరికి అది పసితనపు బాప్తిస్మం, కొందరికి కూటంలో చెయ్యెత్తిన రాత్రి, కొందరికి నీళ్లలో మునిగిన ఉదయం. యేసు చెప్పిన విందు ఉపమానంలో అంగీకారానికి రెండు మెట్లున్నాయి: మాట ఇవ్వడం, వచ్చి కూర్చోవడం. సంఘాల మధ్య తేడాలు చాలావరకు ఏ మెట్టును లెక్కలోకి తీసుకుంటారన్న దగ్గరే పుడుతున్నాయి.

"మీరు ఎప్పుడు రక్షణ పొందారు?", అంటే క్రీస్తును నమ్మి పాపక్షమాపణ పొందింది ఎప్పుడు? తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో పెళ్లిచూపుల దగ్గర కూడా వినిపించే ప్రశ్న ఇది. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకొస్తు ఇళ్లలో పెరిగినవాళ్లు చాలామంది ఏడాది, నెల, ఒక్కోసారి తేదీతో సహా చెప్పేస్తారు. సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం), లూథరన్, కథోలిక ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ ప్రశ్నే వింతగా ఉంటుంది. నెలల బిడ్డగా ఉన్నప్పుడే తలమీద నీళ్లు పోశారు, పదిహేనేళ్లు వచ్చేసరికి కన్ఫర్మేషన్ (విశ్వాసాన్ని తమ నోటితో ఒప్పుకునే ఆచారం) అయింది, రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రతి బల్ల ఆదివారం బల్ల తీసుకుంటున్నారు. ఇందులో 'ఎప్పుడు' అన్నది ఎక్కడని వెతకాలి? ఇరువైపులా భక్తిలో లోటు లేదు. తేడా ఉన్నది లెక్కలో.

రెండుసార్లు పిలిచే విందు

ఈ చర్చకు మూలం లూకా సువార్త 14వ అధ్యాయంలో ఉంది. ఒక మనిషి గొప్ప విందు ఏర్పాటు చేసి చాలామందిని పిలిచాడు. భోజనం వేళకు దాసుణ్ణి పంపి "ఇప్పుడు సిద్ధమైయున్నది, రండి" అని కబురు చేశాడు. అప్పుడు అందరూ ఏకమనసుతో సాకులు చెప్పడం మొదలుపెట్టారు.

పైపైన చదివితే వీళ్లు పిలుపును కాదన్నవాళ్లలా కనిపిస్తారు. కానీ కథలో పిలుపులు రెండు. మొదటిది ముందే వెళ్లింది, అప్పుడు ఎవరూ కాదన్నట్టు కథలో లేదు. రెండోది వంట అయ్యాక వెళ్లింది. ఆనాటి పెద్ద ఇళ్లలో ఇది మామూలు పద్ధతి. ఎస్తేరు గ్రంథంలో హామానుకు రాణి విందు సంగతి ముందురోజే తెలుసు, అయినా వేళకు నపుంసకులు వచ్చి అతణ్ణి వెంటబెట్టుకుపోయారు. యెరూషలేము పెద్దమనుషులు రెండుసార్లు పిలిస్తే తప్ప విందుకు వెళ్లేవారు కాదని యూదుల వ్యాఖ్యాన గ్రంథాల్లో ఒక మాట ఉంది.

తెలుగువాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. శుభలేఖ ఇచ్చి బొట్టుపెట్టి పిలవడం ఒకటి. పెళ్లిరోజున "విస్తళ్లు వేశారు, లేవండి" అని మళ్లీ వచ్చి పిలవడం ఇంకొకటి. మొదటి పిలుపుకి తలూపి, రెండో పిలుపు దగ్గర మొహం చాటేస్తే, అప్పటికే వార్చిన అన్నం ఏం కావాలి? ఊళ్లో అది రాలేకపోవడం కింద లెక్కకు రాదు, అవమానం కిందే లెక్క. ఉపమానంలో ఇంటి యజమానికి కోపం వచ్చింది అందుకే.

ఆ సాకులు కూడా చూడదగ్గవే. ఒకడు పొలం కొన్నాడట, వెళ్లి చూడాలట. ఇంకొకడు అయిదు జతల ఎడ్లను కొన్నాడట, పరీక్షించాలట. సంతలో పళ్లు చూసి, సుడులు చూసి, అరక కట్టి నడిపించి గానీ డబ్బు చేతిలో పెట్టని రైతుకు ఈ మాట వినగానే నవ్వొస్తుంది. కొన్నాక చూస్తాననేవాడు రావడం ఇష్టం లేనివాడే. పైగా అయిదు జతలంటే చిన్న కమతం కాదు, ఆ పిలుపులు అందుకున్నది కలిగినవాళ్లే. ఈ ఇద్దరూ కనీసం క్షమించమన్నారు. మూడోవాడు పెళ్లి చేసుకున్నాను, రాలేనని తేల్చేశాడు. ద్వితీయోపదేశకాండంలో కొత్త ఇల్లు కట్టినవాడికీ, కొత్త ద్రాక్షతోట వేసినవాడికీ, పెళ్లి నిశ్చయమైనవాడికీ యుద్ధం నుంచి మినహాయింపు ఉంది. ఈ సాకులు ఆ జాబితాను గుర్తుచేస్తాయని బైబిలు పండితులు చాలామంది అంటారు. యుద్ధానికి చెల్లిన కారణం భోజనానికి ఎలా చెల్లుతుందన్నది అందులోని చురక.

మత్తయి 22వ అధ్యాయంలో ఇదే కథ మరింత కరకుగా ఉంది. అక్కడ పిలిచేది రాజు, సందర్భం కొడుకు పెళ్లి. పిలవబడినవాళ్లు దాసులను చంపుతారు, రాజు వాళ్ల పట్టణాన్ని తగలబెట్టిస్తాడు. క్రీ.శ. 70లో రోమన్ల చేతిలో యెరూషలేము నాశనం కావడానికి ఇది సూచన అని ఒక వ్యాఖ్యానం. ఆ తర్వాత దారిన పోయేవాళ్లను తెచ్చి విందుశాల నింపితే, పెళ్లి వస్త్రం లేకుండా కూర్చున్న ఒకణ్ణి బయటికి గెంటిస్తారు. అంటే లోపలికి వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. "పిలువబడినవారు అనేకులు, ఏర్పరచబడినవారు కొందరే" అన్న మాట అక్కడిదే. ఏర్పాటు, అంటే దేవుడు కొందరిని ఎంచుకోవడం గురించి తర్వాతి శతాబ్దాల్లో వాదించుకున్నవాళ్లంతా ఈ వాక్యం దగ్గర ఆగారు.

'బలవంతము చేయుము': ఒక మాటకు రెండు చరిత్రలు

లూకా కథలో పేదలు, అంగహీనులు, కుంటివాళ్లు, గుడ్డివాళ్లు వచ్చి కూర్చున్నాక కూడా చోటు మిగిలింది. అప్పుడు యజమాని, ఊరి బయటి దారుల్లోకీ కంచెల దగ్గరికీ వెళ్లి, లోపలికి రావడానికి అక్కడివాళ్లను "బలవంతము చేయుము" అన్నాడు. దాసుడు ఒక్కడే, కథలో కర్రా కత్తీ లేవు. కంచెల పక్కన బతికేవాడికి పెద్దింటి పిలుపు నమ్మబుద్ధి కాదు. మర్యాదకైనా రెండుసార్లు వద్దంటాడు. చెయ్యి పట్టుకుని తీసుకురావాల్సిందే.

ఈ విషయంలో తెలుగు అనువాదం అదృష్టమైనది. 'బలవంతం' అనే మాట తెలుగులో పోలీసు చేసేదానికీ చెల్లుతుంది, మొహమాటపడే చుట్టం విస్తట్లో అత్తగారు మరో గరిటె వడ్డించేదానికీ చెల్లుతుంది. లాటిన్ బైబిలు చదివినవాళ్లకు ఆ రెండో అర్థం అంత తేలిగ్గా తట్టలేదు.

5వ శతాబ్దం తొలి ఏళ్లలో ఉత్తర ఆఫ్రికాలో దొనాతిస్టులనే చీలిక సంఘం ఉండేది. హిప్పో బిషప్పు అగస్టీను మొదట్లో వాళ్లను వాదంతో ఒప్పించాలనే అనుకున్నాడు. రోమ్ చక్రవర్తి శాసనాలు, జరిమానాలు వచ్చాక చాలామంది తిరిగి రావడం చూసి మనసు మార్చుకున్నాడు. భయంతో వచ్చినవాడు లోపల సత్యం నేర్చుకుని తర్వాత కృతజ్ఞుడవుతాడన్నది అతని తర్కం. ఆధారంగా చూపిన వాటిలో ఈ 'బలవంతము చేయుము' ఒకటి. ఆ తర్వాత వెయ్యేళ్లకు పైగా మతపరమైన ఒత్తిడిని సమర్థించేవాళ్లకు ఆ వ్యాఖ్యానం చేతికి దొరికిన ఆయుధమైంది. ఫ్రాన్సులో రాజు 14వ లూయీ 1685లో ప్రొటెస్టంట్ల హక్కులను రద్దు చేసినప్పుడూ ఇదే వాక్యం వినిపించింది. మరుసటి ఏడాదే పియర్ బెయిల్ అనే ఆలోచనాపరుడు ఈ ఒక్క వాక్యం మీదే ఒక పెద్ద ఖండన రాశాడు. బలంతో పుట్టేది నటన, విశ్వాసం కాదు అన్నది దాని సారం. విశ్వాసం స్వేచ్ఛగా పుట్టాలని, ఎవరినీ నిర్బంధించరాదని కథోలిక సంఘం 2వ వాటికన్ మహాసభ ద్వారా 1965 డిసెంబరులో స్పష్టంగా ప్రకటించింది.

తలుపు తీసేది ఎవరు?

పిలుపుకి అవునన్నది మనిషే అయితే, రక్షణలో కొంత వాటా మనిషిదే కదా అన్నది తర్వాతి చిక్కు. బైబిల్లో రెండు రకాల వాక్యాలూ ఉన్నాయి. ప్రకటన గ్రంథం 3వ అధ్యాయంలో క్రీస్తు తలుపు దగ్గర నిలబడి తడుతున్నాడు, తీసినవాడితో కలిసి భోజనం చేస్తానంటున్నాడు. యోహాను సువార్త 6వ అధ్యాయంలో మాత్రం, తండ్రి ఆకర్షిస్తేనే గాని ఎవడూ తన దగ్గరికి రాలేడంటున్నాడు.

529లో ఫ్రాన్సులోని ఆరెంజ్ సభ, మొదటి అడుగు కూడా దేవుని కృప వల్లేనని తేల్చింది. మనిషి చిత్తం బందీ అని ప్రొటెస్టంట్ సంస్కర్త లూథర్ 1525లో డచ్ పండితుడు ఎరాస్మస్‌కు గట్టిగా జవాబిచ్చాడు. కృపే ముందు కదిలిస్తుంది గానీ మనిషి దానితో సహకరించగలడు, తోసిపుచ్చనూ గలడు అని 1547లో కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ చెప్పింది. హాలెండులో అర్మీనియస్ అనే ప్రొటెస్టంట్ బోధకుడి అనుచరులు 1610లో దాదాపు ఇలాంటి మాటే అంటే, 1618-19లో అక్కడి ప్రొటెస్టంట్ల డోర్ట్ సభ వాళ్లను తప్పుబట్టి, దేవుడు ఏర్పరచుకున్నవాడి విషయంలో ఆ కృప ఓడిపోదని తీర్మానించింది. వందేళ్ల తర్వాత మెథడిస్టు ఉద్యమానికి ఆద్యుడైన జాన్ వెస్లీ మళ్లీ అర్మీనియస్ వైపు మొగ్గాడు: కృప అందరికీ ముందే అందింది, అందుకే ఎవరైనా అవుననగలరు, కాదననూ గలరు.

ఈ వాదాలన్నిటా కనిపించే విశేషం ఒకటుంది. పిలుపు దేవుడిదేనని అందరూ ఒప్పుకుంటారు. జవాబు ఎవరి బలంతో వచ్చిందన్న దగ్గరే విడిపోతారు. తెలుగునాట ఈ వాదం పేర్లతో సహా తెలిసినవాళ్లు తక్కువే అయినా, "ఒకసారి పొందిన రక్షణ పోతుందా?" అన్న ప్రశ్న రూపంలో బైబిలు స్టడీల్లో రోజూ నడుస్తూనే ఉంటుంది.

ఇంకో సంగతి. తలుపు తట్టే వాక్యాన్ని సువార్త కూటాల్లో కొత్తవాళ్ల కోసం వాడతారు. కానీ ప్రకటన గ్రంథంలో ఆ మాట ఉన్న ఉత్తరం వెళ్లింది లవొదికయ పట్టణంలోని సంఘానికి, అంటే అప్పటికే విశ్వాసులైనవాళ్లకు. అక్కడ కూడా అది రెండో పిలుపే.

మూడేళ్ల నుంచి ఒక్క సాయంత్రానికి

తొలి శతాబ్దాల్లో బాప్తిస్మం కోరినవాళ్లకు తొందరేమీ ఉండేది కాదు. కొన్ని సంఘాల్లో మూడేళ్ల దాకా బోధ వినాలి. బతుకుతెరువు ఏమిటో, నడవడి మారిందో లేదో చూసి, తెలిసినవాళ్లు హామీ ఇస్తే ఈస్టరు రాత్రి నీళ్లలోకి దింపేవారు. పెద్దవయసులో వచ్చేవాళ్ల కోసం కథోలిక సంఘం 1972లో ఈ మెట్ల పద్ధతినే మళ్లీ తెచ్చింది. పసిపిల్లల జ్ఞానస్నానంలో (బాప్తిస్మానికి కథోలికులు వాడే మాట) అవునన్న మాట తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు చెబుతారు. పిల్లలు పెరిగాక దాన్ని తమ మాటగా చెప్పాలి. ఇది చెల్లదు, నమ్మినవాడే మునగాలి అని 1525లో జ్యూరిక్‌లో కొందరు మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. నేటి తెలుగు బాప్టిస్టుల, పెంతెకొస్తుల వాదన మూలాలు అక్కడే కనిపిస్తాయి.

కూటం చివర "ముందుకు రండి" అనడం వీటన్నిటికంటే చాలా కొత్తది. అమెరికాలో 19వ శతాబ్దపు మొదటి సగంలో మెథడిస్టుల శిబిరాల్లో ఇది పెరిగింది. లాయరు పని మాని బోధకుడైన చార్లెస్ ఫిన్నీ 1830-31లో రోచెస్టర్ పట్టణపు కూటాల్లో దీన్ని ఒక పద్ధతిగా వాడాడు. ఆత్మ గురించి దిగులు పట్టుకున్నవాళ్లు ముందు వరసలోని ఒక బెంచీ మీదికొచ్చి కూర్చోవాలి. మనసులో తీర్మానం నిలవాలంటే శరీరం కూడా లేచి కదలాలన్నది ఫిన్నీ ఆలోచన. 1843లో జాన్ నెవిన్ అనే పండితుడు దీన్ని ఏకంగా పుస్తకం రాసి విమర్శించాడు. బెంచీ దాకా నడవడాన్నే మారుమనస్సు అనుకునే ప్రమాదం ఉందని, ఇంట్లో, సంఘంలో ఓపిగ్గా నేర్పే బోధే నిలుస్తుందని అతని వాదన.

తర్వాత అమెరికన్ సువార్తికుడు డి.ఎల్. మూడీ, లేచినవాళ్లతో విడిగా మాట్లాడేందుకు పక్కగది పెట్టాడు. 20వ శతాబ్దంలో మరో అమెరికన్ సువార్తికుడు బిల్లీ గ్రాహం దీన్ని స్టేడియాలకు తీసుకెళ్లాడు. 1957లో న్యూయార్కులో అతని సభలు 16 వారాలు సాగాయి. ఉన్నవాడిని ఉన్నట్టే వస్తున్నానంటూ 1835లో షార్లెట్ ఎలియట్ రాసిన కీర్తన పాడుతుండగా జనం నడిచొచ్చేవారు. సలహాదారులు వాళ్ల చేత కార్డు నింపించి, దగ్గర్లోని సంఘానికి పంపేవారు. అంటే ఆ పద్ధతి నడిపినవాళ్లకే తెలుసు, నడిచి రావడం మొదటి పిలుపుకి జవాబు మాత్రమేనని. రెండో పిలుపు పని స్థానిక సంఘానిది. కార్డులు లెక్కపెట్టడం తేలిక. ఆరు నెలల తర్వాత ఆదివారం ఎవరు కూర్చున్నారో లెక్కపెట్టడం కష్టం. నేటి మహాసభల పోస్టర్లలో 'వేలాదిమంది రక్షణ' అన్నప్పుడు చూడాల్సింది ఈ తేడానే.

గుండ్లకమ్మ ఒడ్డున

తెలుగు నేల మీద ఈ ఉపమానం దాదాపు అక్షరాలా నడిచిన సందర్భం ఒంగోలుది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. మొదట్లో అతని బోధకూ బడికీ పై కులాలవాళ్లు ఆసక్తి చూపారు. ఈలోగా తాళ్లకొండపాడుకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి విశ్వాసంలోకి వచ్చి, తనవాళ్లను తీసుకురావడం మొదలుపెట్టాడు. వాళ్లను చేర్చుకుంటే మేం రాం అని పెద్ద కులాలవాళ్లు చెప్పేశారు. ఏం చేయాలో తోచక క్లౌ ఒక గదిలో, అతని భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే, ఇద్దరికీ ఒకే చోటు కనిపించిందని క్లౌ తర్వాత రాసుకున్నాడు. అది కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం: "సహోదరులారా, మిమ్మును పిలిచిన పిలుపును చూడుడి." ఘనులు, గొప్ప వంశంవాళ్లు అనేకులు పిలవబడలేదని చెప్పే భాగమది. క్లౌ మాదిగలను చేర్చుకున్నాడు. మిగతావాళ్లు వెళ్లిపోయారు.

పై కులాలకు అక్కడ అడ్డొచ్చింది సిద్ధాంతం కాదు, పంక్తి. ఎవరి పక్కన కూర్చోవాలన్నదే ఆ మాటకొస్తే లూకా కథలోనూ ఉన్న ఇరకాటం.

వచ్చినవాళ్లకు అంగీకారం అంటే ఏమిటో క్లౌ బోధకులు మూడు మాటల్లో చెప్పేవారు: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి చిన్న నియమాలు. కానీ చచ్చిన పశువును తీసుకెళ్లడం, జాతరలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి రావడం మీదే మాదిగలకూ ఊరికీ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు నిలబడి ఉన్నాయి. ఈ మూడింటినీ కాదంటే ఊరి కట్టుబాటునే కాదన్నట్టు. అందుకే చాలాచోట్ల వెలి, దెబ్బలు ఎదురయ్యాయి. ఒక్కడు ఇది తట్టుకోలేడు, పేట మొత్తం కదిలితేనే సాధ్యం. గుంపులుగా బాప్తిస్మాలు జరగడం వెనక ఉన్న లెక్క ఇది. ఏ ఒక్కరి మనసూ మారకుండా గుంపు మారిందన్న విమర్శ అప్పటి నుంచీ ఉంది. కానీ పెళ్లి, భూమి, తగువు అన్నీ పెద్దలు కూర్చుని తేల్చే చోట, దేవుడి విషయం ఒక్కటే ఒంటరిగా తేల్చుకోవాలనడం ఆ సమాజానికి బయటి పద్ధతి.

1876-78 నాటి కరువు ఈ ప్రశ్నను ఇంకా బిగించింది. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. పనితో పాటు బోధా సాగింది. బాప్తిస్మం అడిగినవాళ్లు పెరిగారు. అన్నం కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ 15 నెలల పాటు బాప్తిస్మాలు ఆపేశాడు. సాయం ముగిసి, ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజునే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ నీళ్లలో నిలబడ్డారు. కోరికలో ఆకలి పాలు ఎంతో, నమ్మకం పాలు ఎంతో వేరుచేయడం బయటివాళ్లకు సాధ్యం కాదు. ఆ 15 నెలలు మాత్రం ఒక పరీక్ష. ఉపమానంలోని రెండు పిలుపుల మధ్య ఉన్న ఖాళీ లాంటిది.

చట్టం చూసే క్షణం

అంగీకారం ఎప్పుడు జరిగిందన్న ప్రశ్న భారతదేశంలో కోర్టుల దాకా కూడా వెళ్తుంది. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, తన మత సిద్ధాంతాలను వివరించడం హక్కే గానీ ఇంకొకరిని మతం మార్చడం హక్కు కాదని చెప్పింది. పిలవడం వరకే హక్కు అన్నట్టు. జవాబు విన్నవాడి మనస్సాక్షికి చెందినది.

కులం విషయంలో ప్రభావం మరింత నేరుగా ఉంటుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్రైస్తవంలోకి వెళ్లిన ఎస్సీలు బీసీ-సీ (వెనకబడిన తరగతుల్లో సి గ్రూపు) కిందికి వస్తారు, అక్కడి రిజర్వేషన్ ఒక్క శాతం. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు, బాప్తిస్మం పొంది క్రమంగా చర్చికి వెళ్లే వ్యక్తి ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం చెల్లదని తీర్పిచ్చింది. ఎస్సీ హోదా విస్తరణ అంశాన్ని పరిశీలించడానికి కేంద్రం 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను వేసింది.

మనసు లోపల జరిగే తీర్మానాన్ని కోర్టు చూడలేదు. రిజిస్టరు, నీళ్లు, హాజరు చూడగలదు. దాంతో బాప్తిస్మం ఆత్మకు సంబంధించిన గుర్తుగానే కాక, కులధ్రువీకరణ పత్రానికి సంబంధించిన సాక్ష్యంగా కూడా మారింది. దీని ఫలితం పేటల్లోని చర్చిల్లో కనిపిస్తుంది. ఏళ్లుగా ప్రతి ఆదివారం వచ్చేవాళ్లు, కీర్తనలన్నీ నోటికొచ్చినవాళ్లు, పిల్లల చదువు అయ్యేదాకా, ఉద్యోగం వచ్చేదాకా బాప్తిస్మం వాయిదా వేసుకుంటారు. బాప్తిస్మం లేనిదే బల్లలో పాలు ఉండదు గనుక, నెలకోసారి బల్ల ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పళ్లెం వాళ్ల ముందు నుంచే పక్కవాళ్ల దగ్గరికి వెళ్తుంది. లూకా కథలో పిలుపుకి సరేనన్నవాళ్లు విందు వేళకు రాలేదు. ఇక్కడ అందరికంటే ముందే వచ్చి కూర్చున్నవాళ్లు, సరేననే మాట నలుగురి ముందు అనలేక విస్తరి లేకుండా కూర్చుంటున్నారు.